పశువుల డాక్టర్ ‘కుదరదు’ అన్నప్పుడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో చదువుకుని, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, రిజిస్ట్రేషన్ కర్ణాటకకు మార్చుకుని కె.ఆర్. పురం వైపు క్లినిక్ పెట్టుకున్నాను. చుట్టుపక్కల మనవాళ్ళు బాగా ఉన్నారు కాబట్టి రోజులో సగం తెలుగులోనే గడుస్తుంది, తిట్లు కూడా తెలుగులోనే పడతాయి. ఆ తిట్లలో చాలావరకు నేను ‘కుదరదండీ’ అన్నందుకే.

అపోహ: “సర్టిఫికెట్టే కదా, ఒక సంతకం పెడితే ఏం పోతుంది?”

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో కుక్క ఫొటో పంపి, “మేడమ్, పొద్దున్నే ట్రైన్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పంపేయండి” అంటారు. ఫొటోలో జ్వరం కనపడదు కదా! ఇంకొందరు రేబిస్ టీకా ఇవాళ వేయించి పోయిన నెల తేదీ రాయమంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఈ సంతకం హక్కు రిజిస్టరైన పశువైద్యులకే ఇచ్చింది, తప్పుడు సర్టిఫికెట్ ఇస్తే ఆ రిజిస్ట్రేషనే పోవచ్చు. సరే, నా రిజిస్ట్రేషన్ సంగతి పక్కన పెట్టండి. రేపు ఆ కుక్క పక్కింటి పిల్లాణ్ణి కరిస్తే మీరు ఆ టీకా కార్డు చూపిస్తారు, వాళ్ళు ‘టీకా ఉందిలే’ అనుకుని ఆస్పత్రికి వెళ్ళరు. (కార్డు నిజమైనదైనా సరే, కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.) రేబిస్ లక్షణాలు మొదలయ్యాక నయం చేసే మందు లేదు.

అపోహ: “ఆవు మాది, మందుకు డబ్బు మాది, మధ్యలో మీకేంటి?”

హోస్కోటె దాటితే పాడి రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. పొదుగువాపుకి యాంటీబయాటిక్ ఇస్తే ఆ మందు పాలలోకీ వస్తుంది, తాగేవాళ్ళ కడుపులోకి పోతుంది. అందుకే కొన్ని రోజులు పాలు డెయిరీకి పోయొద్దంటే గొడవే. మందు డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. రాసి లేకపోతే డ్రగ్స్ రూల్స్ ప్రకారం పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. “14 పూటల పాలు పారబోయమంటావా డాక్టరమ్మా?” అని ఒకాయన అడిగినప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు, ఆ నష్టం ఆయనకెవరూ కట్టివ్వరు. మొదట్లో నేనూ ఈ మాట చెప్పేదాన్ని కాదు, ఇంజెక్షన్ వేసి ఫీజు తీసుకుని వచ్చేసేదాన్ని. అది తప్పే. ఇప్పుడు మాత్రం జబ్బుకి సరిపోయే మందుల్లో తక్కువ రోజులు ఆగితే చాలే మందు ఉందేమో ముందు చూస్తాను. మీరూ డాక్టర్ని అడగండి, అడగడం మీ హక్కు.

నొప్పి మందులదీ ఇదే కథ. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులకు కిడ్నీలు దెబ్బతిని పోతాయి. పశువులకు దాన్ని 2006లోనే ఆపేశారు. మనుషుల ఇంజెక్షన్ పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో వాటినీ 3 మి.లీ.కి తగ్గించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందుల్ని కూడా పశువులకు ఆపేశారు. వాటి బదులు మెలాక్సికామ్ ఉంది, బాగానే పనిచేస్తుంది. రామనగర దగ్గర రామదేవర బెట్ట మీద రాబందుల అభయారణ్యం ఉంది, మనకు రెండు గంటల దూరం కూడా కాదు.

అపోహ: “కారుణ్య మరణం చట్టవిరుద్ధం.”

కాదు. కోలుకునే దారి లేక నరకం పడుతున్న జంతువుకి నొప్పి లేకుండా ప్రాణం తీసే వీలుంది, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే దాని ప్రస్తావన ఉంది. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నేను పరీక్షించి కారణం రికార్డులో రాయాలి. కానీ “అమెరికా వెళ్తున్నాం, దీన్ని ఎవరూ చూడరు” అని నాలుగేళ్ళ ఆరోగ్యమైన లాబ్రడార్‌ని తీసుకొస్తే చేయను. ఒకసారి అలా వచ్చినవాళ్ళు నన్ను రాతిగుండె అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అపోహ: “కుక్క చనిపోయిందంటే డాక్టర్ తప్పే.” దీనికి ఎదురు అపోహ కూడా ఉంది, “జంతువు విషయంలో కేసేముంటుంది?” అని. రెండూ తప్పే. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది, కానీ చావొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. కేస్ షీట్ కాపీ అడిగి దాచుకోండి.

చివరగా, “ఫోన్‌లో మందు చెప్పండి, అక్కా.” చూడకుండా చెప్పను. ముఖ్యంగా పిల్లికి జ్వరమని మీ ఇంట్లో పారాసెటమాల్ వేయొద్దు, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. ఇప్పటికే వేసేసి ఉంటే దాచకండి. ఎంత వేశారో, ఎన్ని గంటలకు వేశారో రాసుకుని, పిల్లిని బుట్టలో పెట్టుకుని వెంటనే వచ్చేయండి.