జమైకా తలంటు

ఆన్‌లైన్ దుకాణాల్లో ‘జమైకన్ బ్లాక్ కాస్టర్ ఆయిల్’ పేరుతో నల్లటి నూనె సీసా ఒకటి అమ్ముతుంటారు. అరచేతిలో ఇమిడే సీసా, ధర మాత్రం అరచేతిలో ఇమడదు. జమైకా పల్లెల్లో దాన్ని తయారుచేసే పద్ధతి ఇది. ఎండిన ఆముదపు గింజలను బాణలిలో నల్లబడే దాకా వేయిస్తారు. రోట్లో పోసి రోకలితో ముద్దయ్యేలా దంచుతారు. ఆ ముద్దను కట్టెల పొయ్యి మీద నీళ్ళలో చాలాసేపు మరిగిస్తారు. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్ళీ కాచి, తడి పూర్తిగా ఇగిరిపోయాక సీసాల్లోకి వడకడతారు.

పల్లెటూళ్ళో పెరిగిన తెలుగువారికి ఈపాటికి ఆ పొగ వాసన ముక్కుకు తగిలే ఉంటుంది. ఇది అచ్చంగా మన వంటాముదం. పసిపిల్లల మాడుకు అద్దినదీ, పెద్దవాళ్ళు బలవంతంగా తాగించినదీ, మనం ముఖం వికారంగా పెట్టుకున్నదీ ఆ నూనే.

ఆముదపు మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. అక్కడినుంచి ప్రాచీన కాలంలోనే మన వైపు వచ్చింది. బానిసలుగా అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికన్ల వెంట ఆ నూనె తీసే పనితనం కరీబియన్ దీవులకు చేరింది. హైతీలోనూ ఇదే నూనె ఉంది, ‘లుయిల్ మస్క్రితి’ అంటారు. గానుగ అందుబాటులో లేని ఇంట్లో నూనె రాబట్టడానికి నిప్పు, నీళ్ళు, రోలు చాలు కాబట్టి ఇంత దూరాన ఒకే పద్ధతి కనిపించడంలో వింతేమీ లేదు. గింజలో రిసిన్ అనే భయంకరమైన విషముంటుంది. అయితే అది ప్రొటీను. వేడికి చెడిపోతుంది, నూనెలో కరగదు, మిగిలినదేదైనా ఉంటే పిండిలోనే ఉండిపోతుంది.

ఇక ఆ నలుపు, ఆ వాసన వేయించడం వల్ల వచ్చినవి. కొందరు మాడిన గింజల బూడిద కూడా కలుపుతారు. ఆ బూడిద నూనెకు క్షారగుణం ఇచ్చి కుదుళ్ళను ‘తెరుస్తుంది’ అని అమ్మేవాళ్ళు చెబుతారు. నాకు ఈ మాట మింగుడుపడదు. ఆమ్లం, క్షారం అనే లెక్క నీటి ద్రావణాలకు చెందినది. నీరే లేని నూనెకు దాన్ని అంటగట్టడం అర్థం లేని పని. పైగా వెంట్రుక పైపొర కాస్త ఆమ్లగుణం ఉన్నచోటే నునుపుగా అణిగి ఉంటుంది. క్షారం తగిలితే పెంకుల్లా లేచి నిలబడుతుంది.

ఇంతకీ ఆముదం జుట్టును పెంచుతుందా? ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలియిక్ ఆమ్లమే. ఆ ఆమ్లానికున్న చిక్కదనం వెంట్రుక మీద పొరలా నిలిచి మెరుపునిస్తుంది. కుదురును ప్రేరేపించి కొత్త జుట్టు మొలిపిస్తుందని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. 2022లో చర్మవ్యాధి నిపుణులు కొబ్బరి, ఆముదం, ఆర్గాన్ నూనెల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టినప్పుడు కూడా ఆముదానికి దక్కినవి మెరుపు విషయంలో కొన్ని బలహీనమైన మార్కులే. కొబ్బరినూనె పరిస్థితి మెరుగు. ముంబయిలో జరిగి 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, దాని అణువులు చిన్నవిగా, తిన్నగా ఉండటంతో వెంట్రుక లోపలికి చొరబడి, తలంటులో ప్రొటీను కోల్పోకుండా కాపాడతాయి. జుట్టు మొలిపిస్తామనే సీసాలలో నిజంగా రుజువున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కాబట్టి, ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమైంది. ఒక హెచ్చరిక కూడా: 2017లో మన దేశంలోనే ఇరవయ్యేళ్ళ యువతి ఒకామె ఆముదం, కొబ్బరినూనె కలిపి పట్టించి తలంటుకుంటే, జుట్టంతా పక్షిగూడులా ఉండకట్టి ఇక విడదీయడం సాధ్యం కాక కత్తిరించవలసి వచ్చిందని వైద్యపత్రికలో నమోదైంది.

మరి జమైకా అమ్మమ్మలు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్ళ జుట్టు నిజంగానే పొడవవుతోంది. అందులో నూనె పాత్ర వాళ్ళు అనుకున్నది కాదు, అంతే.

కరీబియన్ స్త్రీలలో చాలామందిది బిగుతైన చుట్టల జుట్టు. వెంట్రుక ఆకారాన్ని తీర్చేది చర్మం కింద ఉన్న కుదురు. తిన్నటి జుట్టు కుదురు నిటారుగా దిగితే, వీరిది కొంకిలా వంగి ఉంటుంది. అందులోంచి వచ్చే వెంట్రుక గుండ్రంగా కాక నొక్కినట్టు పలచగా ఉండి, స్ప్రింగులా తిరుగుతూ పెరుగుతుంది. దీంతో రెండు ఇబ్బందులు. తలలో ఊరే సహజమైన జిడ్డు తిన్నటి వెంట్రుక మీద జారుతూ కొసదాకా పోగలదు. స్ప్రింగు మలుపుల్లో అది ముందుకు సాగదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు గడ్డిపోచల్లా ఎండిపోతాయి. రెండోది, ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటే. పక్క వెంట్రుకతో చిక్కుపడి దువ్వెన లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

వేగంలో కూడా కొంత తేడా ఉంది. 2001లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధన కొలిచినప్పుడు, ఆఫ్రికన్ యువతీయువకుల జుట్టు రోజుకు సగటున 0.26 మిల్లీమీటర్లు, యూరపువారిది 0.4 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే ఆఫ్రికన్ జుట్టు ఏడాదికి తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. తక్కువేమీ కాదు. ఒక్కో వెంట్రుక పెరుగుదల దశ రెండు నుంచి ఆరేళ్ళు సాగుతుంది కాబట్టి, ఆ లెక్కన భుజాలు దాటవలసిందే. కానీ కుదుళ్ళ దగ్గర తొమ్మిది సెంటీమీటర్లు వచ్చి, కొసల దగ్గర తొమ్మిదీ విరిగిపోతే? జీతం వచ్చిన రోజే అప్పులవాళ్ళు పట్టుకుపోయినట్టు, ఏళ్ళు గడిచినా జుట్టు చెవి దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ‘నా జుట్టు పెరగదు’ అని బాధపడేవాళ్ళలో చాలామంది జుట్టు నిక్షేపంగా పెరుగుతూనే ఉంటుంది. జమైకాలో పొడవాటి జుట్టును ‘టాల్ హెయిర్’ అంటారు, ఎత్తైన జుట్టన్నమాట. ఆ ఎత్తు సాధించడానికి వాళ్ళు చేసేదంతా విరగకుండా చూసుకోవడమే.

ఆ పనికి ముఖ్యమైన ఘట్టం తలంటు రోజు. చాలా ఇళ్ళల్లో వారానికో, పది పదిహేను రోజులకో ఒకసారి. సగం పూట దానికే పోతుంది. మొదట జుట్టును నాలుగైదు భాగాలుగా విడదీసి ముడులు వేస్తారు, ఒక్కసారిగా తల మీద నురగ కలియబెడితే చిక్కు పడుతుంది కాబట్టి. మాడును వేళ్ళతో రుద్ది కడుగుతారు, పొడవునా నురగ జారిపోనిస్తారు. ఆపైన కండిషనర్ దండిగా పట్టించి, తడి ఉండగానే వేళ్ళతోనూ పెద్ద పళ్ళ దువ్వెనతోనూ చిక్కు తీస్తారు. కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్తారు.

ఇక్కడ మన పెద్దవాళ్ళు అడ్డుపడతారు, తడి తల దువ్వకూడదు కదా అని. వాళ్ళన్నదీ నిజమే, ఇదీ నిజమే. వెంట్రుకలోని కెరాటిన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగలగానే వదులవుతాయి. వెంట్రుక మెత్తబడి సాగుతుంది, బలం తగ్గుతుంది. తిన్నటి జుట్టుకు చిక్కు తక్కువ, కాబట్టి ఆరాక దువ్వడమే మేలు. చుట్టల జుట్టు పొడిగా ఉన్నప్పుడు దువ్వితే మలుపు మలుపుకూ తట్టుకుని తెగుతుంది. జారుడుగా, మెత్తగా ఉన్నప్పుడు దువ్వితే నష్టం తక్కువ. జుట్టు మారితే శాస్త్రమూ మారుతుంది.

ఆ జారుడు కోసం, దుకాణంలో కండిషనర్లు దొరకని రోజుల్లో, పెరట్లోకి వెళ్ళేవారు. జమైకాలో కలబందను ‘సింకిల్ బైబిల్’ అంటారు. ఈ మొక్క ఇంటిపేరు కరీబియన్‌దే అన్నట్టుగా, ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దీనికి బార్బడోస్ దీవి మీదుగా ‘అలో బార్బడెన్సిస్’ అని పేరు పెట్టారు. నాగజెముడు మట్టల జిగురు, మందారాకు రసం కూడా తలకు పట్టించేవారు. ఈ మూడింటిలోనూ ఉన్నది ఒకటే: నీళ్ళలో ఉబ్బి జారుడుగా మారే పొడవాటి చక్కెర గొలుసులు. వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడిని అవి తగ్గిస్తాయి. మందారాకు నూరి తలకు పెట్టుకున్న ఏ తెలుగింటి ఆడపిల్లకూ ఇది కొత్త కాదు. కలపవలసిన మాట ఇంకొకటుంది. 1838 నుంచి గయానాకు, 1845 నుంచి ట్రినిడాడ్‌కు, జమైకాకు చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కిన భారతీయుల్లో మద్రాసు రేవు నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు కూడా ఉన్నారు.

నూనె పని తలంటు తర్వాతే. తడి పూర్తిగా ఆరకముందే, పలచటి క్రీమో నీళ్ళో పట్టించి, దాని మీద నూనె రాస్తారు. నూనెలో తేమ ఉండదు. లోపలున్న తేమ త్వరగా ఆవిరైపోకుండా మూతలా పనిచేస్తుంది, రాపిడి తగ్గిస్తుంది. ఆముదం నిజంగా చేసే మేలు ఇక్కడ ఉంది. మహత్తు కుదుళ్ళకు అంటదు, కొసలను కాపాడుతుంది.

ఆ తరువాత జడలు. మాడుకు అంటిపెట్టుకుని వరుసలుగా అల్లే జడలను అమెరికాలో మొక్కజొన్న వరుసలంటారు. కరీబియన్‌లో వాటి పేరు ‘కేన్‌రో’, చెరకు వరుస. ఏ తోటలో వెన్ను విరిగేలా పనిచేశారో ఆ తోట చాళ్ళే తల మీద పేరుగా నిలిచాయి. బానిసత్వం నుంచి సురినాం అడవుల్లోకి తప్పించుకుపోయిన ఆఫ్రికన్ల, అంటే మరూన్ల, సంతతివారు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు, తమ ముత్తవ్వలు జుట్టులో వడ్లగింజలు దాచుకుని తెచ్చి పంట వేశారని. శాస్త్రం దృష్టిలో జడ చేసే పని సులభంగా అర్థమవుతుంది. అల్లి వదిలేసిన జుట్టును రోజూ దువ్వనక్కర్లేదు, కొసలు బట్టలకు రాసుకోవు. రెండు మూడు వారాలు చేయి పెట్టకుండా ఉంచడమే ఆ జుట్టుకు విశ్రాంతి.

బిగుతు మితిమీరితే మాత్రం మేలు కీడవుతుంది. నుదుటి అంచునా కణతల దగ్గరా వెంట్రుకలు పలచబడటాన్ని వైద్యులు లాగుడు బట్టతల అంటారు. దీన్ని మొదట 1907లో వర్ణించింది జుట్టును బిగించి ముడివేసుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలలో. కాబట్టి ఇది ఏ ఒక్క జాతి జబ్బూ కాదు. బరువైన సవరంతో జడను బిగించే మన పెళ్ళికూతుళ్ళూ గుర్తుంచుకోవచ్చు. మొదట్లో వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే కుదురు మచ్చగా మారి ఇక మొలవదు. జడ వేసిన రాత్రి నొప్పితో నిద్ర పట్టకపోతే అందం కోసం ఓర్చుకోమనడం తప్పు సలహా.

తలగుడ్డ సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. మార్టినిక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియా దీవుల్లో స్త్రీలు పండుగనాడు గళ్ళ తలగుడ్డ చుట్టుకుంటారు. ఆ బట్ట పేరు మద్రాస్. పులికాట్, చీరాల పరిసరాల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగిన రోజుల నుంచి ఆ పేరు నిలిచిపోయింది. తలగుడ్డ మీద నిలబెట్టిన కొసలకు భాష కూడా ఉంది. ఒక కొస ఉంటే మనసు ఖాళీగా ఉందని, రెండుంటే మాట ఇచ్చేశానని, మూడుంటే పెళ్ళయిందని, నాలుగుంటే ప్రయత్నించేవారికి ఇంకా చోటుందని! దీవిని బట్టి అర్థాలు కాస్త మారతాయి. ఎండ, దుమ్ము నుంచి జుట్టుకు కాపు కాసినా, నూలు గుడ్డ నూనె పీల్చేస్తుంది. అందుకే రాత్రిపూట శాటిన్ టోపీ. తలగడ మీద దొర్లినంతసేపూ వెంట్రుక పైపొర గీసుకుపోకుండా అది అడ్డుకుంటుంది.

జుట్టు తిన్నగా చేయించుకోవడానికి పడే పాట్లు వేరే కథ. డొమినికన్ రిపబ్లిక్ సెలూన్లలో తడి జుట్టును పెద్ద రోలర్లకు చుట్టి, వేడిగాలిలో ఆరబెట్టి, ఆపైన గుండ్రటి బ్రష్‌తో లాగుతారు. తడిలో వదులైన హైడ్రోజన్ బంధాలు సాగదీసిన ఆకారంలోనే మళ్ళీ బిగుసుకుంటాయి. బట్టలు ఇస్త్రీ చేసినట్టే. ఒక్క వాన చినుకు పడితే ఇస్త్రీ పోయినట్టు అదీ పోతుంది. జుట్టును తిన్నగా చేసే రిలాక్సర్ అనే రసాయనం అలా కాదు. కాస్టిక్ సోడా లాంటి తీవ్ర క్షారంతో గంధకపు బంధాలనే శాశ్వతంగా తెంచుతుంది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు పదకొండేళ్ళు గమనించి 2022లో ప్రకటించిన ఫలితాల్లో, జుట్టు తిన్నగా చేసే రసాయనాలను తరచుగా వాడినవారికి డెబ్బై ఏళ్ళ లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతం, ఎన్నడూ వాడనివారికి 1.64 శాతం అని తేలింది. రసాయనమే కారణమని ఈ ఒక్క లెక్క తేల్చదు. కానీ ‘పెలో మాలో’, చెడ్డ జుట్టు, అని చిన్నప్పటి నుంచి వినిపించే సమాజంలో ఆ సీసా వైపు చేయి ఎందుకు పోతుందో అర్థమవుతుంది. జమైకాలో 2018లో ఐదేళ్ళ పాపను జటలు (డ్రెడ్‌లాక్స్) కత్తిరిస్తేనే బడికి రమ్మన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 2020లో ఓడిపోయారు. 2024లో పైకోర్టు ఆ పాప హక్కులకు భంగం కలిగిందని తీర్పిచ్చింది.

తలంటు రోజు సాయంత్రం కరీబియన్ ఇళ్ళ ముందు కనిపించే దృశ్యం ఒకటుంది. మెట్టు మీద పెద్దావిడ, కింది మెట్టు మీద ఆమె మోకాళ్ళ మధ్య మనవరాలు, పక్కనే దువ్వెన, నూనె గిన్నె. తడి ఆరేకొద్దీ చుట్టలు ముడుచుకుని జుట్టు సగానికి పైగా కుంచించుకుపోతుంది, అందుకే పాప తల పైకి చూస్తే పొట్టిగానే ఉంటుంది. పెద్దావిడ ఒక పాయను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా కిందికి సాగదీస్తుంది. అది మెడ దాటి, భుజం దాటి, వీపు మీదికి వస్తుంది. వదలగానే గభాలున చెవి దగ్గరికి ఎగిరిపోతుంది. ఇంకోసారి చూపించమని పాప అడుగుతుంది.