అత్త పట్టుకునే బుడగలు

బ్రాడీపేట, గుంటూరు

చిన్నూ, బుజ్జీ,

అత్త రోజంతా ల్యాబ్‌లో ఏం చేస్తుందని అడిగారుగా. ఫోన్లో చెబితే సగంలోనే పారిపోతారు, అందుకని రాస్తున్నాను.

మన ఒంట్లో కణాలు కొవ్వు పొర ఉన్న బుల్లి బుడగల్ని ఎప్పుడూ బయటికి వదులుతుంటాయి. వీటి పేరు ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్. నోరు తిరక్కపోతే ఈవీలు అనండి, అత్తా అంతే అంటుంది. వీటిలో ఎక్సోజోములనేవి 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. మీ బడి మైక్రోస్కోపుకి ఇవేం కనబడతాయి!

కొత్తపేట ల్యాబ్‌లో నేను సెంట్రిఫ్యూజ్‌లో రక్తం తిప్పి, పైకి తేలిన సీరంలో షుగరు, కొలెస్ట్రాల్ చూసేవాణ్ణి. ఈ బుడగలూ ఆ సీరంలోనే ఉండేవి, వాటినెవరూ అడగలేదు.

1967లో పీటర్ వుల్ఫ్ అనే ఆయన రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్ల నుంచి రాలిన ఇలాంటి రేణువుల్ని చూసి 'ప్లేట్‌లెట్ ధూళి' అన్నాడు. 1980ల్లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ గొర్రె రక్తం మీద పనిచేసింది. లేత ఎర్రకణం ఎదిగేటప్పుడు, ఇక అక్కర్లేని ప్రోటీన్లను బుడగల్లో పెట్టి బయటికి నెడుతుందని చూపింది. సరే, చెత్త పారేస్తోందనుకున్నారు చాలామంది. కానీ 2007లో స్వీడన్ వాళ్లు ఎలుక కణాల బుడగల్ని మనిషి కణాలకు ఇచ్చి చూస్తే, మనిషి కణాల్లో ఎలుక ప్రోటీన్లు కనిపించాయి! బుడగల్లో ఉన్న ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీను ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే చీటీ, చేసిన పని అది. నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

క్యాన్సర్ కణాలూ వీటిని వదులుతాయి. రక్తంలోనో మూత్రంలోనో వాటిని పట్టుకుంటే జబ్బు ముందే తెలుస్తుందని ఆశ. కానీ కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులు కొన్ని అదే సైజులో, వీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. భూమ్యాకర్షణకి లక్ష రెట్ల బలంతో తిప్పినా పూర్తిగా విడిపోవు. అత్త టెన్షనంతా అక్కడే.

ఇలాంటి కొవ్వు బుడగల్ని మనుషులూ తయారుచేస్తారు, అవి నానోపార్టికల్స్. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలు వాటిలోనే వచ్చాయి. మనకిక్కడ వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకం కాదు. నరంలోకి ఎక్కిస్తే ఈ నానోపార్టికల్స్ చాలావరకు కాలేయానికే పోతాయి. ఆ గుణాన్నే వాడుకున్న ఒక మందుకి 2018లో అమెరికా అనుమతిచ్చింది. మెదడుకో ఊపిరితిత్తులకో పంపాలంటే మాత్రం కష్టం.

ముఖం మెరుస్తుందని ఎక్సోజోముల ప్రకటనలు వస్తున్నాయి, మీ అమ్మకి చూపించకండి. మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఏ ఎక్సోజోమ్ చికిత్సకూ ఆమోదం ఇవ్వలేదు.

సంక్రాంతికి అత్త వస్తుంది. ఈవీలనీ కొలెస్ట్రాల్ రేణువుల్నీ ఎలా విడదీస్తావో అడగండి. అరిసెలు తినడం మానేసి మరీ చెబుతుంది.

మీ తాతయ్య