హీట్ బిల్లు సాయం (లైహీప్): ఎవరో చెప్పారని మనం నమ్మేవి, అసలు ఉన్నవి

న్యూజెర్సీలో హీట్ బిల్లు సాయానికి అప్లికేషన్లు తీసుకునే డెస్క్‌లో పనిచేస్తాను. చలి మొదలైతే చాలు, నా వాట్సాప్‌కి మనవాళ్ళ ప్రశ్నలు మొదలవుతాయి, అన్నీ "ఎవరో చెప్పారండీ" అనే మొదలవుతాయి. ఆ ఎవరో చెప్పినదాన్ని పట్టుకుని రావలసినవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు, అర్హత లేనివాళ్ళు పొద్దున్నే లైన్లో నిలబడతారు.

లైహీప్ అన్నది తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకి గ్యాస్, కరెంటు, ఆయిల్ లాంటి బిల్లుల్లో సాయం చేసే ఫెడరల్ పథకం. 1981లో చట్టమైంది. డబ్బు కేంద్రానిది, ఎవరికి ఎంత, ఎలా అన్నది చాలావరకు రాష్ట్రానిది. కాబట్టి డాలస్‌లో మీ తోడల్లుడికి జరిగినట్టే ఎడిసన్‌లో మీకూ జరగాలని లేదు.

"ఉద్యోగం ఉంటే రాదు"

వస్తుంది. ఆదాయ పరిమితి పేదరికం గీతకి 150 శాతం, లేదా ఆ రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 60 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అక్కడిదాకా పెట్టుకోవచ్చని చట్టం అంటుంది. న్యూజెర్సీ 60 శాతం లెక్క వాడుతుంది. ఇక్కడ జీతాలు పెద్దవి కాబట్టి ఆ గీత కూడా మీరనుకునే దానికంటే పైనే ఉంటుంది. భర్త గ్యాస్ స్టేషన్‌లో, భార్య గ్రోసరీ స్టోర్‌లో పనిచేసే ఇళ్ళకి కూడా వచ్చిన సందర్భాలు నా దగ్గర బోలెడు. చూసేది చేతికొచ్చే జీతం కాదు, కోతలకు ముందు ఉండే గ్రాస్. అదీ అప్లికేషన్‌కి ముందు నెలది. పోయినేడు లక్ష డాలర్ల డబ్ల్యూ2 (ఏడాది జీతం చూపించే టాక్స్ కాగితం) వచ్చింది కదా అని, లేఆఫ్ అయి నాలుగు నెలలైన గ్రీన్‌కార్డు మనిషి సిగ్గుపడి ఆగిపోవడం చూశాను. ఆ డబ్ల్యూ2ని ఎవరూ అడగరు.

"మా నాన్నకి ఇక్కడ ఆదాయం సున్నా, ఆయన పేరున పెట్టేస్తాం"

నాకు అన్నిటికంటే ఎక్కువ వచ్చేది ఇదే, అన్నిటికంటే ఇబ్బందిగా ఉండేదీ ఇదే, ఎందుకంటే అడిగేవాళ్ళు మంచివాళ్ళే, మోసం చేయాలని అడగరు. కానీ లైహీప్ చూసేది మనిషిని కాదు, ఇంటిని. ఒకే కప్పు కింద ఉంటూ ఒకే మీటరు బిల్లు కలిసి కట్టుకునేవాళ్ళంతా ఒక హౌస్‌హోల్డ్. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, కింద బేస్‌మెంట్లో అమ్మానాన్న ఉంటే కొడుకు జీతం, కోడలి జీతం రెండూ లెక్కలోకి వస్తాయి. బేస్‌మెంట్‌కి వేరే తలుపు ఉందండీ అన్నారొకాయన. తలుపు కాదు సార్, మీటరు ఉందా అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయారు.

అదే అమ్మానాన్న విడిగా అపార్ట్‌మెంట్ తీసుకుని, గ్యాస్ బిల్లు వాళ్ళ పేరునే ఉంటే అది వేరే ఇల్లు, వాళ్ళ ఆదాయమే చూస్తారు. పెద్దవాళ్ళు, వికలాంగులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్ళకి ఈ పథకంలో ప్రాధాన్యం కూడా ఉంది.

"తీసుకుంటే గ్రీన్‌కార్డుకి దెబ్బ"

ఒక శనివారం గుంటూరు వైపు దంపతులు వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటింది. కొడుకు టెక్సాస్ వెళ్ళిపోతే వీళ్ళు గుడికి దగ్గరని ఇక్కడే సింగిల్ బెడ్‌రూమ్‌లో ఉండిపోయారు. ఆయన లోపలికొచ్చాక కూడా మంకీ క్యాప్ తీయలేదు. ఆవిడ పట్టుచీరల షాపు కవర్లోంచి మడతలు పడ్డ గ్యాస్ బిల్లులు బయటికి తీసింది. హీట్ 58 డిగ్రీల ఫారన్‌హీట్‌లో పెట్టుకుని, రాత్రుళ్ళు ఓవెన్ వెలిగించి తలుపు తీసిపెట్టుకుని దాని ముందు కూర్చుంటున్నారట. నాకు గుండె ఝల్లుమంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, గ్యాస్ ఓవెన్‌తో ఇల్లు వెచ్చబెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి, దానికి వాసన కూడా ఉండదు.

మరి ముందే ఎందుకు రాలేదు పిన్నిగారూ అంటే, "సిటిజన్‌షిప్ పోతుందని అబ్బాయి వద్దన్నాడమ్మాయ్" అంది.

ఆ అబ్బాయి లాంటివాళ్ళ కోసం: పబ్లిక్ చార్జ్ పరీక్ష, అంటే ఈ మనిషి ప్రభుత్వ సాయం మీదే బతుకుతాడా అని చూసేది, సిటిజన్‌షిప్ అప్లికేషన్‌లో ఉండదు, అది గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పటిది. అక్కడ కూడా 2022 నాటి రూల్ ప్రకారం చూసేది ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకి, వికలాంగులకి నెలనెలా ఇచ్చే డబ్బు) లాంటి నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్‌లో ఉండటం. హీట్ బిల్లు అందులో లేదు. స్పాన్సర్ చేసిన కొడుకు తిరిగి కట్టాల్సిన పథకాల జాబితాలో కూడా లైహీప్ లేదు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు ఆగాలనే నియమం కూడా దీనికి వర్తించదు. అయితే ఆ 2022 రూల్ తీసేస్తామని 2025 నవంబర్‌లో ప్రతిపాదన పెట్టారు. గ్రీన్‌కార్డు ఇంకా ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు, ఇండియా వెళ్ళి ఆరు నెలలు దాటించి తిరిగొచ్చే పెద్దవాళ్ళు ఒకసారి లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి మాత్రం సొంతంగా అర్హత లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలుంటే కొన్ని రాష్ట్రాల్లో దారి ఉంది.

"హీట్ అద్దెలోనే కలిసి ఉంది, మనకేం రాదు"

రావచ్చు, అద్దె రూపంలో మీరే కడుతున్నారు కదా. కానీ ప్రభుత్వ సబ్సిడీ ఇంట్లో ఉంటూ, హీట్ అద్దెలోనే ఉంటే న్యూజెర్సీలో రాదు.

"చలికాలం కట్ చేయకూడదట, ఇంకెందుకు కట్టడం"

సగం నిజం చాలా ప్రమాదం. ఇక్కడ నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా లైహీప్ లాంటి పథకాల్లో ఉన్న ఇళ్ళకి గ్యాస్, కరెంటు కట్ చేయకూడదు. కట్ చేయకూడదన్నారు గానీ బిల్లు మాఫీ అనలేదు. నాలుగు నెలల బాకీ పేరుకుని మార్చి 16న మీ నెత్తిన కూర్చుంటుంది. నెలకి ఎంతో కొంత కట్టండి, కట్టలేకపోతే కంపెనీకి ఫోన్ చేసి వాయిదాలు అడగండి.

"అవసరం పడ్డప్పుడు చూసుకుందాం"

ఇది సోషల్ సెక్యూరిటీ లాంటిది కాదు, అర్హత ఉంటే చాలు తప్పకుండా వచ్చేది కాదు. కాంగ్రెస్ ఏటా ఇచ్చినంతే, నిధులు అయిపోతే అయిపోయినట్టే. 2025లో ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్ అవడం వల్ల ఆ డబ్బు రాష్ట్రాలకి చేరడమే ఆలస్యమైంది, మా ఫోన్లు ఎత్తలేక చచ్చాం. అక్టోబర్‌లోనే పెట్టేయండి. మరీ ఎమర్జెన్సీ అయితే 48 గంటల్లో, ప్రాణానికే ముప్పు అయితే 18 గంటల్లో ఏదో ఒక సాయం అందాలని చట్టంలో ఉంది, కానీ ఆ గడియారం మీరు అప్లికేషన్ పెట్టాకే తిరుగుతుంది. లీజు, ఇంట్లో అందరి ఐడీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, నెల రోజుల పే స్టబ్‌లు, మొత్తం బిల్లు (మొదటి పేజీ ఫోటో ఒక్కటే కాదు మహాప్రభో) తెచ్చుకోండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అప్లికేషన్‌కి ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు, ఫీజు అడిగినవాడు, గిఫ్ట్ కార్డు కొనమన్నవాడు దొంగ.

గుంటూరు పిన్నిగారు కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసింది. "బ్యాంకులో ఏం పడలేదమ్మాయ్, మనకి రాలేదేమో" అంది. గ్యాస్ బిల్లు తీసి రెండో పేజీ చూడమన్నాను. కళ్ళజోడు కోసం వెతుకుతున్న చప్పుడు, ఆయన్ని కేకేయడం వినిపించాయి. డబ్బు మన చేతికి రాదు, చాలావరకు నేరుగా కంపెనీకే వెళ్ళి బిల్లులో క్రెడిట్‌గా పడుతుంది. ఆయన ఆ అంకె ముందున్న మైనస్ గుర్తు చూసి, ఇంకా బాకీ ఉన్నామంటున్నారేంటి అని కంగారుపడ్డాడు.