ఆ ఒక్క షాట్ కట్ చేసినందుకే: పెర్ల్ జామ్ 'జెరెమీ' వీడియో వెనక కథ

మొన్న నల్లగొండ పోయినప్పుడు మా బాబాయి కొడుకు, ఇంటర్ సెకండియర్, ఫోన్ల అమెరికా రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ పాట 'జెరెమీ' వీడియో పెట్టి, అన్నా గీ పోరడు క్లాసుల ఉన్నోళ్లందర్ని కాల్చేసిండు కదా అన్నడు. కాదురా. 30 ఏండ్లు దాటినా చానా మంది ఇంకా గదే అనుకుంటున్నరు, అందుకే మొదట్నించి రాస్తున్న.

1991 జనవరి 8న అమెరికాల, డాలస్ పక్కన రిచర్డ్‌సన్ అనే ఊళ్లె, హైస్కూల్ చదివే పిల్లగాడు క్లాసుల అందరి ముంగటనే ప్రాణం తీస్కున్నడు. ఎవ్వర్నీ ఏం చెయ్యలె. పేపర్ల చిన్న వార్త వచ్చింది, అది పెర్ల్ జామ్ సింగర్ ఎడ్డీ వెడ్డర్ చదివిండు, ఒక పానం పోతే మిగిలేది గిన్ని లైన్లేనా అని మనసుల పడ్డది, బేస్ గిటార్ వాయించే జెఫ్ ఆమెంట్ కట్టిన ట్యూన్‌కు పాట రాసిండు. తను చిన్నప్పుడు స్కూల్ల చూసిన ఇంకో పిల్లగాని యాది కూడ అండ్ల కలిపిండు. అదే ఏడు ఆగస్టుల వచ్చిన వాళ్ల ఫస్ట్ ఆల్బమ్ 'టెన్'ల ఉందీ పాట, 1992ల సింగిల్‌గ వచ్చింది.

వీడియో తీసింది మార్క్ పెల్లింగ్టన్. ఇంట్ల పట్టించుకునేటోళ్లు లేరు, క్లాసుల ఏడిపిస్తరు, పిల్లగాడు లోపల్లోపల కుములుతుంటడు. లొల్లంతా చివరి షాట్ కాడనే. అండ్ల వాడు తుపాకి తనవైపే తిప్పుకుంటడు, పాటల వీడియోలేసే టీవీ ఛానల్ ఎంటీవీ అది చూపియ్యనియ్యలె, కట్ చేసిన్రు. ఇగ మిగిలిందేంది? పోరడు క్లాసులకొస్తడు, తర్వాత పిల్లల చొక్కాల మీద నెత్తురు, భయంతోటి బిగుసుకపోయి బొమ్మల లెక్క కూసున్నరు. గట్ల చూస్తే ఎవరికైనా వాడే అందర్ని చంపిండనిపిస్తది. పిల్లలకు చెడు చూపియ్యొద్దని కట్ చేస్తే, తనకు తాను పోయిన పిల్లగాడు హంతకుడైండు. నాకైతే ఇది ఘోరమైన అన్యాయం అనిపిస్తది.

1993ల ఎంటీవీ అవార్డులల్ల 4 గెలిచింది, వీడియో ఆఫ్ ది ఇయర్ కూడ. కాని బ్యాండ్ మళ్ల 1998 దాంక ఏ పాటకూ వీడియో తియ్యలె. మధ్యల 1996ల వాషింగ్టన్ రాష్ట్రం మోసెస్ లేక్‌ల నిజంగనే స్కూల్ల కాల్పులైనయి, ఆ కేసు కోర్టుకొచ్చినప్పుడు ఈ వీడియో పేరు కూడ లాగిన్రు. కట్ చెయ్యని వీడియోను బ్యాండే 2020 జూన్‌ల బయట పెట్టింది. తమ్మునికి గదే పంపిన, చూసి చానాసేపు ఏం మాట్లాడలె.

2019 ఏప్రిల్‌ల ఇంటర్ ఫలితాలొచ్చినంక మన తెలంగాణల 20 మందికి పైగ పిల్లలు పోయిన్రు. మా దిక్కు పేపర్ల గిసుంటి చావులు ఇప్పటికీ జిల్లా పేజీల మూలకే వస్తయి, 'మనస్తాపంతో' అనో 'కడుపునొప్పి భరించలేక' అనో ఒక్క ముక్క రాసి.