మాక్రోల్లో పేర్లు, లైను నంబర్లు: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు రాకెట్ (లిస్ప్ కుటుంబపు ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకుంటున్న మన పిల్లలు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటున్నారు. మాక్రో, అంటే ప్రోగ్రాం నడిచే ముందే రాసిన కోడ్‌ను వేరే కోడ్‌గా విస్తరించేది, చిన్న ఉదాహరణలో బాగానే నడుస్తుంది. వేరేవాళ్ల ప్రోగ్రాంలో పెట్టగానే జవాబు తప్పుతుంది, లేదా ఎర్రర్ సంబంధం లేని చోట పడుతుంది. తెలివి చాలక కాదు, ఎవరో చెప్పిన మాట నమ్మి.

అపోహ: మాక్రోకు అందిన కోడ్‌ను సింటాక్స్-టు-డేటమ్ (syntax->datum)తో మామూలు లిస్టు చేసుకుని, మార్చి, డేటమ్-టు-సింటాక్స్ (datum->syntax)తో తిరిగి కడితే ఏమీ పోదు.

వాస్తవం: రెండు పోతాయి. ప్రతి ఐడెంటిఫయర్ (కోడ్‌లో రాసిన పేరు) తన స్కోపుల సమితిని (ఆ పేరు ఏ నిర్వచనానికి చెందుతుందో తేల్చే గుర్తుల్ని), తాను రాసి ఉన్న చోటును (ఫైలు, లైను, కాలమ్, పొజిషన్, పొడవు) మోస్తూ ఉంటుంది. లిస్టు చేయగానే అవి ఉత్త సింబళ్లే. తిరిగి కట్టేటప్పుడు మొదటి ఆర్గ్యుమెంట్ స్కోపుల్ని, మూడోది లొకేషన్‌ని ఇస్తుంది, అదీ అన్నిటికీ ఒకటే. మూడోది ఇవ్వకపోతే లొకేషనే ఉండదు. రెండూ విడివిడి సంగతులు. అందుకే లైను నంబరు సరిగ్గా వచ్చిందని బైండింగ్ (పేరు ఏ నిర్వచనానికి ముడిపడిందన్నది) కూడా సరే అనుకోకండి.

రెండు వేరియబుళ్ల విలువలు తారుమారు చేసే మాక్రో ఇలా విస్తరిస్తుంది:

(లెట్ ((తాత్కా అ)) (సెట్! అ ఆ) (సెట్! ఆ తాత్కా))

వాడేవాళ్ల మొదటి వేరియబుల్ (అ స్థానంలోది) పేరు కూడా తాత్కా అయిందనుకోండి. మొత్తం ఫారం (మాక్రోను పిలుస్తూ రాసిన బ్రాకెట్ల కోడ్) స్కోపులతోనే తిరిగి కట్టారు కాబట్టి ఇద్దరి తాత్కాలూ ఒక్కటైపోతాయి. లోపలి తాత్కా మారుతుంది, బయటివి రెండూ ఎప్పటిలాగే ఉంటాయి. ఎర్రర్ రాదు. అదే భయపడాల్సిన విషయం.

లిస్టు చేయకండి. సింటాక్స్-కేస్ లేదా సింటాక్స్-పార్స్‌తో ముక్కలు పట్టుకుని, వాటిని అలాగే టెంప్లేట్‌లో (ఫలితంగా రావాల్సిన కోడ్ నమూనాలో) పెట్టండి. లిస్టుగా నడవక తప్పకపోతే సింటాక్స్-టు-లిస్ట్ వాడండి. అది పై పొర ఒక్కటే విప్పుతుంది, లోపలి ముక్కల సమాచారం చెక్కుచెదరదు. టెంప్లేట్‌కు లొకేషన్ తగిలించే సింటాక్స్/లాక్ (syntax/loc) కూడా అన్నిటికంటే బయటి బ్రాకెట్‌కే లొకేషన్ ఇస్తుంది, లోపలివాటికి కాదు. తప్పు కచ్చితమైన ముక్క మీద కనపడాలంటే ఎర్రర్ చూపే రెయిజ్-సింటాక్స్-ఎర్రర్‌కు మొత్తం ఫారం మూడో ఆర్గ్యుమెంట్‌గా, ఆ ముక్క నాలుగోదిగా ఇవ్వండి.

అపోహ: కామన్ లిస్ప్‌లో (ఇంకో లిస్ప్ భాష) ఎవరూ వాడని కొత్త పేరు పుట్టించే జెన్‌సిమ్ పెడితే చాలు.

వాస్తవం: సగమే. మాక్రో తెచ్చిన వేరియబుల్ వాడేవాళ్ల పేరును మింగకుండా అది ఆపుతుంది. మాక్రో పిలిచే మీ సహాయ ఫంక్షన్ పేరునే వాడేవాళ్లు ఫ్లెట్‌లో (ఆ చోటుకే పరిమితమైన ఫంక్షన్లు పెట్టే ఫారం) పెట్టుకుంటే ఆపలేదు. ఆ పేరును మీ ప్యాకేజీ లోపలే ఉంచి ఎక్స్‌పోర్ట్ చేయకండి. క్లోజర్‌లో (మరో లిస్ప్ భాష, Clojure) కోడ్ నమూనా ముందు పెట్టే బ్యాక్‌కోట్ గుర్తు పేరుకు నేమ్‌స్పేస్ (అది ఏ మాడ్యూల్‌దో చెప్పే పేరు) తగిలిస్తుంది కాబట్టి ఈ బెడద తక్కువ.

అపోహ: ఫైల్లో తెలుగు, ఒడియా కామెంట్లుంటే లొకేషన్లు పాడవుతాయి.

వాస్తవం: కామెంట్లు తీసేయనక్కర్లేదు, దయచేసి తీసేయకండి. కోడ్ చదివే రీడ్-సింటాక్స్‌కు ఇచ్చే పోర్ట్ (ఫైలు నుంచి అక్షరాలు వచ్చే దారి) మీద పోర్ట్-కౌంట్-లైన్స్! పిలవకపోతే రాకెట్ బైట్లే లెక్కపెడుతుంది, లైనూ కాలమూ ఇవ్వదు. యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియా కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు, కనుక పొజిషన్ ముందుకు దూకుతుంది. చదవడం మొదలెట్టే ముందే పిలవండి.

అపోహ: హైజీన్ (మాక్రో పేర్లు, వాడేవాళ్ల పేర్లు కలిసిపోకుండా భాషే చూసుకోవడం) ఉంటే, వాడేవాళ్లకు కనపడే కొత్త పేరును మాక్రో కావాలని తేలేదు.

వాస్తవం: తేవచ్చు. కొత్త ఐడెంటిఫయర్ కట్టే ఫార్మాట్-ఐడీకి మొత్తం ఫారం కాకుండా వాడేవాళ్లు స్వయంగా రాసిన ఐడెంటిఫయర్‌నే కాంటెక్స్ట్‌గా ఇవ్వండి. ఆ ఫారం బ్రాకెట్లు ఇంకో మాక్రో పుట్టించినవి అయితే, కొత్త పేరు వాడేవాళ్లకు కనపడకుండా పోతుంది.