నల్లగొండ ఎండ, ఏసీ, కూలర్: రోజూ నేను వినే అపోహలు

మార్చి రెండో వారం దాటిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "తమ్మీ, ఏసీ సల్లగైతలేదు. గ్యాస్ అయిపోయినట్టుంది, జర నింపి పో." నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా కూలర్లు, ఏసీలు బాగుచేస్తున్నాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో గ్యాస్ నిక్షేపంగా ఉంటుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. అదీ కాకపోతే తప్పు ఏసీది కాదు, ఇంటిది.

ఇవన్నీ రాస్తే గిరాకీ తగ్గుతుందని మా షాపు పిల్లవాడి బెంగ. తగ్గనీ. మే నెలలో ఎలాగూ అన్నం తినడానికి టైం దొరకదు.

అపోహ: ఏసీలో ఏటా గ్యాస్ నింపించాలి

బండిలో పెట్రోల్ లాగా ఖర్చయిపోయేది కాదు గ్యాస్. రాగి పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. గదిలో వేడి పీల్చుకుంటుంది, బయట వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. పదేళ్లయినా తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు బిందెలో నీళ్లు పోయడమే. వచ్చే ఏడు మళ్లీ అదే మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. కొందరికి కావలసిందీ అదే.

లీకు ఎక్కడుందో చాలాసార్లు కంటికే కనబడుతుంది. కంప్రెసర్ ఆయిల్ కూడా గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. అందుకని గ్యాస్ కారిన చోట కాస్త నూనె చెమ్మ చేరి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ కడుతుంది. ఔట్‌డోర్ (ఇంటి బయట పెట్టే పెట్టె) పక్కన పైపు బిగించే ఇత్తడి నట్ల దగ్గర ముందు చూడండి. అక్కడ సబ్బు నురగ రాస్తే చిన్న బుడగ ఉబ్బుతుంది, పగులుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. మీ ఇంటికొచ్చిన మనిషి ఈ పని చేయకుండా నేరుగా సిలిండర్ తగిలిస్తే ఆపి అడగండి.

గ్యాస్ కారితే పోయేది డబ్బొక్కటే కాదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కలో సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పాత ఆర్-22 అయితే 1,810 కిలోలు. పాత ఏసీ తీసేసేటప్పుడు నట్టు విప్పి 'సుయ్' మని గ్యాస్ గాలికి వదిలేసే అలవాటు మా వాళ్లలో ఉంది. నేనూ మొదట్లో వదిలినవాడినే.

అపోహ: రాత్రి పది దాటినా గది చల్లబడలేదంటే ఏసీ చిన్నదైనట్టే

ఎక్కువ డబ్బు దండగయ్యేది దీని దగ్గరే. దేవరకొండ రోడ్డు వైపు ఒక సార్ ఇల్లు. పైఅంతస్తులో పడకగది, ఒకటిన్నర టన్ను ఏసీ. రాత్రి చల్లబడట్లేదని దాన్ని తీసేసి రెండు టన్నులది పెట్టించుకున్నారు. బిల్లు పెరిగింది, గది మాత్రం అలాగే ఉంది. నన్ను పిలిచింది ఆ తర్వాత. రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాను. ఏసీని ముట్టుకోలేదు. నా దగ్గర వేడి చూసే గన్ ఉంటుంది, దాన్ని సీలింగు మీదికి పెట్టాను. 41 చూపించింది. "ఇది జ్వరం చూసేదా?" అన్నారు సార్. ఒక లెక్కన జ్వరమే, స్లాబుకు.

ఐదంగుళాల సిమెంటు స్లాబు పొద్దంతా ఎండను తాగుతుంది. ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం రెండు గంటల ఎండ మీ మంచం మీదికి దిగేది చీకటి పడ్డాక. బయట గాలి చల్లబడుతుంటే లోపల మీ నెత్తి మీద పెనం కాలుతుంటుంది. దానికి తోడు మన ఊరికి చుట్టూ గుట్టలు. లతీఫ్‌సాబ్ గుట్ట, కాపురాల గుట్ట బండలు కూడా మన స్లాబుల్లాగే రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటాయి.

ఆ సార్‌కు నేను చెప్పింది సున్నం. మిద్దె శుభ్రంగా కడిగి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించమన్నాను. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. అదే పని చేసే కూల్ రూఫ్ పెయింటు అయితే ఎక్కువ కాలం ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. సున్నం వానలకు కొట్టుకుపోతుంది, మార్చిలో మళ్లీ వేసుకోవాలి. ఏది వేసినా దుమ్ము పట్టి బూడిద రంగుకు వస్తే సగం పని పోయినట్టే, కడుగుతూ ఉండాలి. ఇది నా సొంత వైద్యం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి అంది.

పాలమూరు పల్లెల్లో మట్టిమిద్దెలు చూసినవాళ్లకు ఇది కొత్త విషయమేం కాదు. మూరెడు మందం మట్టి, దాని కింద కట్టెలు. ఎండ లోపలికి దిగేలోపే పొద్దు గూకేది. అలాగని పాత ఇళ్లే స్వర్గమని నేననను. ప్రతి వానాకాలం మిద్దె ఎక్కి మట్టి పోసి తొక్కిన మా నాయనను అడిగితే తెలుస్తుంది, ఆ చల్లదనం వెనక ఎంత చాకిరీ ఉండేదో.

అపోహ: కూలర్ ఏసీ కొనలేనివాళ్లది

మన జిల్లా ఎండకు కూలర్ చాలా మంచి యంత్రం. సముద్రం పక్క ఊళ్లవాళ్లకు ఈ అదృష్టం లేదు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కోవడమే కూలర్ చేసే పని. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. మంచి ప్యాడ్‌లున్న కూలర్ 28 డిగ్రీల దగ్గర గాలినిస్తుంది. అదే జూన్ చివర రెండు వానలు పడి, ఎండ 34, తేమ 60 శాతం అయితే ఐదు డిగ్రీలు తగ్గించడమే గగనం. పైగా ఒళ్లంతా జిగట. "కూలర్ పాడైంది" అని అప్పుడు ఫోన్లు వస్తాయి. పాడైంది కూలర్ కాదు, కాలం మారింది. పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్ వేసుకోండి.

కూలర్ పెట్టి కిటికీలన్నీ మూసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోపలికి వచ్చిన తడి గాలి బయటికి పోవాలి, లేకపోతే గంటలో గది ఆవిరి కుడుము అవుతుంది. కూలర్ కిటికీకి బయటివైపు ఉండాలి. ఎదురుగా ఉన్న కిటికీ జానెడు తెరిచి అక్కడ ఒక కాగితం ముక్క పట్టుకోండి. అది బయటి వైపు ఊగితే సరిగ్గా ఉన్నట్టు.

ఐసు వేస్తే ఇంకా చల్లగా వస్తుందంటారు. కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి కంటే కిలో నీరు ఆవిరవడానికి తీసుకునే వేడి ఏడు రెట్లు ఎక్కువ. ఐసు డబ్బులతో కూలర్ ప్యాడ్‌లకు కొత్త గడ్డి కొనండి.

కూలర్‌కు ఖర్చు లేదని కాదు, అది నీళ్లలో ఉంటుంది. పెద్ద డెజర్ట్ కూలర్ గంటకు ఆరేడు లీటర్లు తాగుతుంది. రాత్రంతా నడిస్తే మూడు నాలుగు బిందెలు. ఏప్రిల్‌కే బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పించుకునే వీధిలో ఇది చిన్న విషయం కాదు. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, నెల తిరగకుండానే ప్యాడ్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కొత్త నీళ్లు పోస్తే ప్యాడ్ రెండు ఎండాకాలాలు వస్తుంది, దోమలూ పుట్టవు.

అపోహ: ఇన్వర్టర్ ఏసీ, 5 స్టార్. ఇక బిల్లు భయం లేదు

స్టార్ స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది. అది ఏడాదికి 1,600 గంటలు వాడతారని వేసిన లెక్క. మార్చి నడుమ నుంచి జూన్ నడుమ దాకా, రాత్రి ఎనిమిది గంటలు మాత్రమే వేసుకునే ఇంటికి 740 గంటలు దాటవు. అంటే 5 స్టార్‌తో మిగులుతుందని చెప్పిన దాంట్లో సగం కూడా మీకు మిగలదు. పగలు కూడా నడిచే షాపుకో, క్లినిక్‌కో 5 స్టార్ కొనండి. రాత్రి నిద్రకు మాత్రమే అయితే 3 స్టార్ తీసుకుని మిగిలిన డబ్బు మిద్దె మీద పెట్టండి. షోరూంలో ఈ మాట చెప్పరు.

అసలు లెక్క జీరో బిల్లు దగ్గర ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉండి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 201 అయితే పైన దాటిన ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి. మే నెలలో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సగటున ఒక యూనిట్ కాల్చినా రాత్రికి ఎనిమిది, నెలకు 240. అదొక్కటే గీత దాటిస్తుంది. కూలర్ అయితే పది గంటలకు రెండు యూనిట్లు, నెలకు 60. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ. అందుకే నన్ను అడిగినవాళ్లకు చెప్పేది ఇదీ: మే చివరి దాకా కూలర్, ఉక్కపోత మొదలయ్యాక ఏసీ. రెండూ ఇంట్లో ఉండటం దుబారా అనుకోవద్దు.

ఇంకో రెండు, గబగబా

ఏసీని 16లో పెడితే గది త్వరగా చల్లబడదు. మొదట్లో ఏసీ ఎలాగూ పూర్తి జోరు మీదే నడుస్తుంది. 16 అంటే ఎక్కడ ఆగాలో చెప్పడం మాత్రమే, మన ఎండలకు అది అక్కడికి చేరనూ చేరదు, ఆగనూ ఆగదు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24తో మొదలవుతున్నదీ అందుకే. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ సన్నగా తిప్పండి.

ఏసీ పైపు నుంచి నీళ్లు రాకపోతే పాడైనట్టు కాదు. ఆ నీళ్లు గదిలోని తేమ. మేలో మన గాలిలో తేమే లేనప్పుడు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

అపోహ: ఏసీ సోకు. మన పెద్దోళ్లు ఫ్యాన్ కూడా లేకుండా బతికారు

ఇంతసేపు ఏసీ తగ్గించమని చెప్పినవాడినే, ఇక్కడ మాత్రం మాట మారుస్తాను. 2015 మేలో మన జిల్లాలో వడదెబ్బకు ఎంతమంది పోయారో ఆ రోజులు చూసినవాళ్లు మరిచిపోరు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. గది 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ మేలు కంటే కీడే చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గాలి ఒంటికంటే వేడిగా ఉంటుంది మరి. రేకుల గదిలో పగలు 40 దాటడానికి ఎంతసేపు? ముసలివాళ్లు, పసిపిల్లలు, బీపీ మందులు వాడేవాళ్లు ఉన్న ఇంట్లో చల్లటి గది ఒక్కటైనా ఉండాలి. ఇది సోకు కిందికి రాదు.

పానగల్లు దగ్గర ఆటో నడిపే తమ్ముడు ఒకతను పోయిన ఏడు ఏసీ పెట్టించమన్నాడు. వాళ్లమ్మ కోసం. వెళ్తే అది రేకుల గది. ముందు రేకుల మీద గ్రీన్ నెట్ మూరెడు ఎత్తులో కట్టించాను, కింద థర్మకోల్ సీలింగు వేయించాను. తాటికమ్మలు కప్పుతానన్నాడు కానీ పక్కనే కరెంటు వైర్లు, వద్దన్నాను. తర్వాతే ఒక టన్ను ఏసీ బిగించాను.

వారం తిరగకముందే ఫోన్. "అన్నా, అమ్మ ఏసీ బంద్ జేస్తుంది. నేను ఆటో తీస్కొని పోంగనే రిమోట్ వడ్తది. బిల్లొస్తదని భయం." ఆమె సబ్ మీటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటోందట. వెళ్లి 27లో పెట్టాను, మధ్యాహ్నం పన్నెండుకు మొదలై ఐదింటికి ఆగేలా టైమర్ పెట్టాను. ఐదు గంటలకు ఎన్ని యూనిట్లు కాలిందో మర్నాడు ఆమెతోనే మీటర్ చూపించి చదివించాను. రెండున్నర. "గింతేనా?" అంది. అయినా రిమోట్ మాత్రం కొంగుకే కట్టుకుంది.