నల్ల డిస్కు, ముసలి లేజరు

చిన్నూ, బుజ్జీ,

అటక మీది ప్లేస్టేషన్ దించారట, ఆట మొదట్లో వచ్చే వీడియో ఆగి ఆగి వస్తోందట, పెట్టెను తలకిందులుగా పెడితే మాత్రం బుద్ధిగా ఆడుతోందట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ తలకిందుల వైద్యం మీరు కనిపెట్టింది కాదర్రా, మీరు పుట్టకముందే ఊరూరా చేశారు. 1994లో జపాన్‌లో మొదలైన ఆ మెషీన్ తొలి మోడళ్లలో డిస్కును చదివే లెన్సు జారే పట్టాలు ప్లాస్టిక్‌వి, పక్కనే పవర్ సప్లై వేడి, అందుకని అరిగి అరిగి లెన్సు కాస్త ఒరిగేది, తిరగేస్తే బరువు అటువైపు పడి మళ్లీ కుదురుకునేది. తర్వాతి మోడళ్లలో లెన్సును వేడికి దూరంగా జరిపారు.

డిస్కు నల్లగా ఉంది కదా, వెలుతురు లోపలికి ఎలా పోతుందని బుజ్జి అడిగిందట. మంచి ప్రశ్న. ఆ నలుపు మన కంటికే. లేజరు కాంతి 780 నానోమీటర్లది, పరారుణం, దానికి ఆ నల్ల ప్లాస్టిక్ కిటికీ గాజులాంటిదే. ఆ కాంతి చదివే గుంటలు లోపలి నుంచి అంచు వైపు ఒకటే చుట్టగా ఉంటాయి, వరసకీ వరసకీ మధ్య 1.6 మైక్రాన్లే, తలవెంట్రుక ఒకటి అడ్డం పడితే నలభై వరసల దాకా మూసుకుపోతాయి. లెన్సు మీద దుమ్ము ఎంత పని చేస్తుందో మీరే ఊహించుకోండి.

ఇక మీరు ఫోన్లో చూసిన ఆ చిన్న స్క్రూ సంగతి. పికప్ పక్కన, అంటే లేజరు, లెన్సు కలిసి ఉండే భాగం పక్కన, కందిగింజంత ఉంటుంది, మా రేడియో రిపేరువాళ్లం దాన్ని ప్రీసెట్ అంటాం. లేజరుకు వయసు మీదపడితే అదే కరెంటుకి మునుపటంత వెలుగు ఇవ్వలేదు, ప్రీసెట్ తిప్పి కరెంటు పెంచితే ఇస్తుంది, కానీ ఉన్న ఆయుష్షు తొందరగా కరిగిపోతుంది. అందుకే అది ఆఖరి మందు. ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. ఒకసారి కొలిచే మీటరు తీయడానికి బద్ధకించి పావు చుట్టు తిప్పేశాను, రెండు వారాలు బ్రహ్మాండంగా ఆడింది, మూడో వారం డిస్కు తిరగడమే మానేసింది. మీ నాన్న నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ముందు దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు రాసి లెన్సును మెల్లగా తుడవండి. గోళ్ల రంగు తుడిచే మందు మాత్రం వద్దే వద్దు, లెన్సు ప్లాస్టిక్‌ది, మసకబారిపోతుంది. ఇక్కడితో ఆపి ఆడి చూడండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అనుభవం. పట్టాలకు పాత గ్రీజు తీసి కొత్తది రాసే పని నాకు వదిలేయండి, ఎందుకంటే దానికి పెట్టె విప్పాలి, పవర్ సప్లైలో కెపాసిటర్లు ప్లగ్ పీకాక కూడా కాసేపు కరెంటు పట్టి ఉంచుతాయి. మూత స్విచ్చి వేలితో నొక్కి లేజరు వెలుగుతోందా అని తొంగిచూడొద్దు, ఆ కాంతి కంటికి సరిగా కనపడదు గానీ కంటిని పాడుచేస్తుంది.

ప్రీసెట్ దాకా వెళ్లాల్సొస్తే ఇద్దరం కలిసి చేద్దాం చిన్నూ. ఇప్పుడున్న చోటు మార్కర్‌తో గీత పెట్టి, పికప్‌కి తగిలించిన రిబ్బన్ వైరు విప్పి, మల్టీమీటర్‌తో ప్రీసెట్ నిరోధం ఎన్ని ఓములో రాసుకుని, వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ కొలవడం, బిగించి ఆడి చూడటం. సాధారణంగా ఓములు తగ్గితే లేజరు బలం పెరుగుతుంది, అయినా కుడికి తిప్పాలా ఎడమకా అన్నది మీటరే చెప్పాలి, నోటిమాట నమ్మలేం.

అదీ కుదరకపోతే కొత్త పికప్ వేద్దాం. కొన్నిటికి స్టాటిక్ కరెంటు తగిలి పాడవకుండా సోల్డర్ (వైర్లు అతికే లోహం) చుక్క ఒకటి పెట్టి పంపుతారు, అది తీయకుండా బిగించి, కొత్తదీ చచ్చిందేనని తిట్టుకునేవాళ్లు బోలెడుమంది. సోల్డరింగ్ ఐరన్, మీటరు నేను సంక్రాంతికి తెస్తాను. గ్రీజు డబ్బా మీ ఇంట్లో కుట్టుమిషన్ సొరుగులో ఉండాలి, చూసి పెట్టండి.

మీ పెదనాన్న